పాత పోర్షె 911 సన్‌రూఫ్: మరమ్మతు మెలకువలు, రేకు పనివారి ఘనత

పాత స్పోర్ట్స్ కార్ల మరమ్మతు గురించి రాసినవారిలో చాలామంది ఇంజను దగ్గరే ఆగిపోయారు. కార్బురేటర్ల సర్దుబాటునూ, గేర్‌బాక్సు విప్పి తిరిగి బిగించే నేర్పునూ పుటల కొద్దీ కొనియాడే ఆ రచనల్లో సన్‌రూఫ్‌కు, అంటే కారు కప్పులో తెరవడానికీ మూయడానికీ వీలుగా అమర్చిన పలకకు, నాలుగు వాక్యాలకు మించి చోటు దక్కదు. ఇది న్యాయం కాదు. ఇంజను బాగుచేసేవాడికి ఇంజను తెలిస్తే చాలు. పాత 911 సన్‌రూఫ్‌ను సరిగ్గా నిలబెట్టేవాడికి రేకు సాగే తీరు, వెల్డింగ్ వేడి పాకే తీరు, మోటారు, కేబుళ్లు, లోకప్పు వినైలు, రంగు, అన్నిటికీ మించి వాననీటి నడక తెలిసి ఉండాలి. ఇన్ని చేతిపనులు ఒక్కచోట కలిసే భాగం ఆ కారు మొత్తంలో మరొకటి లేదని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

చరిత్రను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఇంగ్లండ్‌లో నోయెల్ మాబ్స్ 1920లలో పిచ్‌లీ పేరుతో జరిగే కప్పుకు పేటెంటు పొందాడని, అమెరికాలో 1937 నాటి నాష్ కారుతో ఇది మొదలైందని చెబుతారు. జర్మనీలో వెబాస్టో సంస్థ గుడ్డతో చేసిన మడత కప్పులకు పేరు తెచ్చుకుంది. ఫోక్స్‌వాగన్ బీటిల్‌లో 1964 మోడల్‌తో ఆ గుడ్డ కప్పు పోయి, చేతితో తిప్పే ఉక్కు పలక వచ్చింది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో తొలిసారి కనిపించి, మరుసటి ఏడాది తయారీ మొదలైన పోర్షె 911కు మోటారుతో నడిచే ఉక్కు సన్‌రూఫ్ అదనపు ఖర్చు మీద దొరికేది. అట్లాంటిక్‌కు ఆవలి ఒడ్డున ఈ విద్యను ఊరూరా పాకించిన ఘనత మాత్రం హైన్జ్ ప్రెక్టర్‌దే. జర్మనీ నుంచి విద్యార్థిగా అమెరికా వెళ్లి, 1965లో లాస్ ఏంజెలెస్‌లో అమెరికన్ సన్‌రూఫ్ కంపెనీని స్థాపించిన ఆ మనిషి, కార్ఖానా నుంచి నిండు కప్పుతో వచ్చిన కార్లను కోసి సన్‌రూఫ్ అమర్చడాన్నే వృత్తిగా చేసుకున్నాడు. కొత్త కారు నెత్తిమీద రంపం పెట్టడానికి ఎంత గుండె ధైర్యం, ఎంత కొలత మీద నమ్మకం ఉండాలో రేకు పని చేసినవారికే తెలుస్తుంది.

911 సన్‌రూఫ్ నిర్మాణం చూడడానికి సులువుగానే ఉంటుంది కానీ, విప్పి చూసినవారికి దాని వెనుక ఉన్న ఆలోచన అబ్బురం కలిగిస్తుంది. కప్పులో కోసిన ఖాళీ చుట్టూ, దాని అడుగున ఒక రేకు తొట్టి ఉంటుంది. ఆ తొట్టికి రెండు పక్కలా పట్టాలు, అంటే పలక జరిగే సన్నని లోహపు దారులు ఉంటాయి. మూసినప్పుడు పలక కప్పుతో సమంగా, అంతా ఒకే రేకు అన్నట్టు కనిపించాలి. తెరిచినప్పుడు అదే పలక కప్పు కిందికి దూరిపోవాలి. ఈ రెండూ పొసగాలంటే పలక వెనుక అంచు ముందుగా కిందికి దిగి, ఆ తరువాతే మొత్తం పలక వెనక్కి జరగాలి. ఆ దిగడం, తిరిగి లేవడం అనే పనిని వెనుక మూలల్లో ఉన్న రెండు చిన్న లోహపు చేతులు చేస్తాయి. వాటిని నడిపేవి రెండు కేబుళ్లు. మామూలు తీగె లాగగలదే కానీ నెట్టలేదు. ఈ కేబులు మీద మరో తీగెను మరలాగా చుట్టి, దాన్ని సరిపడే గొట్టంలో నడిపించడం వల్ల అది లాగడమూ చేస్తుంది, నెట్టడమూ చేస్తుంది. కప్పు వెనుక భాగంలో దాగిన మోటారు పళ్లచక్రానికి ఒక పక్క ఒక కేబులు, ఎదురు పక్క రెండో కేబులు ఆనుకుని ఉంటాయి కాబట్టి, చక్రం ఎటు తిరిగినా రెండూ ఒకే కొలతలో కదులుతాయి, పలక వంకర పోకుండా నడుస్తుంది. ఏదైనా అడ్డం పడితే మోటారు కాలిపోకుండా జారిపోయే క్లచ్ కూడా అక్కడే ఉంది. ఇంతటి యంత్రాంగం మనిషి తలకూ కప్పుకూ మధ్య ఉన్న కొద్దిపాటి సందులో ఇమిడిపోయింది.

అయినా దీని ప్రాణం మోటారులో లేదు, నీటి దారిలో ఉంది. పలక చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు వానను పూర్తిగా ఆపుతుందని చాలామంది యజమానుల నమ్మకం, ఆ నమ్మకమే ఎన్నో కార్లను పాడు చేసింది. బీడింగు గాలినీ, జడివాననూ చాలావరకు అడ్డుకుంటుంది, అంతే. దాన్ని దాటి వచ్చిన నీరు తొట్టిలోకి దిగి, నాలుగు మూలల్లో ఉన్న సన్నని గొట్టాల గుండా కారు బయటికి పోవాలి. పెంకుటిల్లు వానను చూరు దాకా నడిపించి వదిలినట్టు, ఈ కప్పు కూడా నీటిని నడిపించి వదులుతుంది. ముందు గొట్టాలు అద్దం పక్కనున్న స్తంభాల లోపలి నుంచి కిందికి దిగుతాయి, వెనుకవి వెనుక స్తంభాల గుండా పోతాయి. అందుకే నిపుణుడైన పనివాడు కారు చేతికి రాగానే పానా పట్టుకోడు. కప్పు తెరిచి, ఒక్కొక్క మూలలో కొద్దికొద్దిగా నీళ్లు పోసి, అవి ఎక్కడ బయటపడుతున్నాయో, ఎంతసేపటికి బయటపడుతున్నాయో చూస్తాడు. మూసుకుపోయిన గొట్టాన్ని గాలి యంత్రంతో ఊదడం తొందరపాటు మనిషి చేసే పని. ఆ ఒత్తిడికి లోపలి అతుకు ఊడిపోతే, ఆ తరువాత కురిసే ప్రతి వానా స్తంభం లోపలికే కారి, బయటికి కనిపించకుండా రేకును తినేస్తుంది. అనుభవం ఉన్నవారు మెత్తని నైలాన్ దారాన్ని పైనుంచి నెమ్మదిగా దింపుతూ మట్టినీ ఎండుటాకుల పొడినీ కదిలించి, గోరువెచ్చని నీటితో కడుగుతారు.

కదలని సన్‌రూఫ్‌ను పరీక్షించడంలోనూ ఇదే ఓర్పు కావాలి. మీట నొక్కితే చడీ చప్పుడూ లేకపోతే ఫ్యూజు, మీట, తీగెలు, మోటారు అనే వరుసలో వెతకాలి. మోటారు తిరుగుతున్న మోత వినిపిస్తూ పలక కదలకపోతే క్లచ్ జారుతోందనో, కేబులు చుట్లు అరిగి పళ్లచక్రం పట్టు తప్పిందనో గ్రహించాలి. పలక ఒక పక్కకు వాలి బిగుసుకుంటే ఒక కేబులు రెండోదాని కన్నా వెనకబడిందని అర్థం. 1970లు, 80ల నాటి 911 లోకప్పుకు వేసిన చిల్లుల వినైలులో, వెనుక అద్దం పైభాగాన ఒక జిప్పు ఉంటుంది. దాన్ని తీస్తే మోటారు చేతికి అందుతుంది, విద్యుత్తు లేకపోయినా చేత్తో తిప్పి కప్పు మూసుకోవచ్చు. లోకప్పు చింపకుండా మరమ్మతు చేసుకునేలా ఏర్పాటు చేసిన ఆ రూపకర్తల ముందుచూపుకు నమస్కరించాలి. కేబులు మార్చవలసి వస్తే రెండూ కలిపి మార్చాలి. పాతది ఒకటీ కొత్తది ఒకటీ కలిపితే రెండింటి సాగుదల వేరు కాబట్టి పలక మళ్లీ వాలుతుంది. పట్టాల మీద గట్టిపడిన పాత గ్రీజును పూర్తిగా తుడిచి, కొత్తదాన్ని పలచగా మాత్రమే రాయాలి. ఎక్కువ రాస్తే దుమ్ము పట్టి మళ్లీ గట్టిపడుతుంది.

ఆపైన సర్దుబాటు. పలక ముందు అంచు కప్పు కన్నా వెంట్రుకవాసి కిందికి, వెనుక అంచు వెంట్రుకవాసి పైకి ఉండాలన్నది ఈ విద్యలో మొదటి పాఠం. కొలత చెప్పాలంటే ఒక మిల్లీమీటరుకు లోపే. ముందు అంచు పైకి లేస్తే గాలి దానికి తగిలి ఈల వేస్తుంది. నాలుగు మూలల మరలను కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ పలకను పూర్తిగా తెరిచి మూసి, వేలి కొసతో అంచు తడిమి చూస్తూ ఒక పూటంతా ఈ ఒక్క పని మీద గడిపే పనివారున్నారు. వారి పని ముగిశాక కప్పు మీద అరచేయి ఆనించి జరిపితే సందు ఎక్కడుందో కంటికి తప్ప చేతికి తెలియదు. కార్ఖానా నుంచి కొత్తగా దిగిన కారులోనూ ఇంత సమం అన్నిసార్లూ కనిపించదంటే అతిశయోక్తి కాదు.

తుప్పు పట్టిన సన్‌రూఫ్ వేరే స్థాయి పరీక్ష. 1976 మోడల్ నుంచి పోర్షె తన 911 బాడీకి జింకు పూత ఉన్న ఉక్కును వాడింది, అంతకు ముందు కార్లకు ఆ రక్షణ లేదు. అందువల్ల తొలి తరం కార్లలో తొట్టి మూలలు, కోత అంచులు ముందుగా పోతాయి. ఆ మూలలను కోసి, అదే వంపుతో కొత్త రేకు ముక్కను చేత్తో మలిచి, అంచుకు అంచు ఆనించి వెల్డింగు చేయాలి. కప్పు రేకు మందం ఒక మిల్లీమీటరుకు లోపు, పైగా అది నిలువునా అడ్డంగా రెండు దిక్కులా స్వల్పంగా వంగిన రేకు. ఇలాంటి రేకు వేడి తగిలితే సాగి, వేలితో నొక్కితే టప్పుమని లోపలికి పోయి మళ్లీ పైకి వస్తుంది. దాన్ని తప్పించడానికి పనివాడు ఒకచోట చిన్న కుట్టు వేసి, చల్లారనిచ్చి, దూరంగా మరోచోట ఇంకో కుట్టు వేస్తూ పోతాడు. ఆ తరువాత కింద డాలీని, అంటే చేతిలో ఇమిడే నున్నని ఇనుప దిమ్మను ఆనించి, పైనుంచి తేలిక సుత్తితో తడుతూ సాగిన రేకును యథాస్థానానికి రప్పిస్తాడు. మొత్తం కప్పే మార్చవలసి వస్తే మరో కారు నుంచి తెచ్చిన కప్పును స్తంభాల దగ్గర కలపాలి, అక్కడి అతుకును పాతకాలపు మేస్త్రీలు సీసం, తగరం కలిసిన కడ్డీతో నింపేవారు. కడ్డీని మంటతో వెన్నలా మెత్తబరిచి, చెక్క తెడ్డుతో మెత్తి, ఆకురాయితో నున్నగా చేసే ఆ నేర్పు ముందు నేటి లప్పం, అంటే గుంటలు పూడ్చే ప్లాస్టిక్ ముద్ద, ఏ మూలకూ రాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ క్యాబిన్లను చేత్తో కట్టే టింకరింగ్ పనివారు ఈ పనిని చూస్తే వెంటనే పోల్చుకుంటారు; సుత్తి, డాలీ, కంటి కొలత అక్కడా ఇక్కడా ఒకటే.

పాత రేకును కాపాడడం ఎంత గొప్ప సంగతో పోర్షె మ్యూజియమే నిరూపించింది. 1964లో తయారై, కొట్టంలో తుప్పుపట్టి దొరికిన 57వ నంబరు 901 కారును (911కు మొదట పెట్టిన పేరు 901) అక్కడి నిపుణులు మూడేళ్లు శ్రమించి పునరుద్ధరించి, 2017 డిసెంబరులో ప్రజలకు చూపారు. లేని భాగాలకు ఆ కాలపు మరో కారు బాడీ నుంచి ముక్కలు తీసి వాడారు. రాబ్ డికిన్సన్ 2009లో కాలిఫోర్నియాలో స్థాపించిన సింగర్ సంస్థ 964 అని పిలిచే తరం 911 కార్లను విప్పి, వెలుపలి రేకుల్లో ఎక్కువ భాగాన్ని కార్బన్ ఫైబర్‌తో మార్చి చేసే పనిలో ముగింపు శుద్ధి అసామాన్యమైనదని ఒప్పుకోవాల్సిందే. కానీ ఉన్న ఉక్కునే నిలబెట్టిన మ్యూజియం పనివారి వినయమే మరమ్మతు అనే మాటకు తగినది.

ఇప్పుడు ఈ విద్యకు పట్టిన దుర్గతి చెప్పుకోక తప్పదు. 1973 నాటి తేలికపాటి 911 అయిన కరెరా ఆర్‌ఎస్ 2.7 మీద మోజుతో, ప్రతి పాత 911నూ పందెపు కారులా చూపించాలన్న పిచ్చి ప్రబలింది. కప్పులో బరువు తగ్గుతుందని, తలకు చోటు పెరుగుతుందని కారణాలు చెప్పి సన్‌రూఫ్ పీకేసి, ఆ ఖాళీ మీద రేకు కప్పి వెల్డింగు చేస్తున్నారు. పందెంలో నిజంగా పరిగెత్తే కారుకు ఆ కారణాలు చెల్లుతాయి. ఆదివారం కాఫీ తాగడానికి వెళ్లే కారుకు ఈ హింస ఎందుకు? కార్ఖానాలో యాభై ఏళ్ల కిందట ఎవరో కొలిచి, కోసి, మలిచి అమర్చిన యంత్రాంగం చెత్తకుప్పలో పడుతోంది. పైగా తొందరగా కప్పిన రేకు వెల్డింగు వేడికి అలలు తేలి, దాని మీద మందంగా లప్పం పూసి, రంగు వేసి అమ్మేస్తే, కొన్నాళ్లకు ఎండలో ఆ చదరం గీతలు పైకి తేలతాయి.

దీనికన్నా నీచమైనది సిలికాన్ పూత. కారుతున్న కప్పు చుట్టూ సిలికాన్ జిగురు దట్టించి, ఇక కారదని చేతులు దులుపుకోవడం మరమ్మతు కాదు, మోసం. సందు మూసినా నీరు ఏదో ఒక చోట దూరుతుంది, బయటికి పోయే దారి మూసుకుపోయి లోపలే నిలుస్తుంది, కంటికి కనిపించకుండా తొట్టి చిల్లులు పడుతుంది. ఆ జిగురు తరువాత వదిలించుకోవడానికి పట్టే శ్రమ, అసలు మరమ్మతుకు పట్టే శ్రమను మించిపోతుంది. చవక బీడింగుల సంగతీ అంతే. కొలతలో కొద్ది తేడా ఉన్న నకిలీ రబ్బరు మూలల్లో ముడుచుకుని పలకను పైకి ఎత్తుతుంది. పనివాడు ఎంత సర్దినా అది ఒదగదు, చివరికి నింద మాత్రం పనివాడి మీద పడుతుంది. వెయ్యి గంటల అనుభవాన్ని పది డాలర్ల రబ్బరు అవమానిస్తుంటే చూస్తూ ఊరుకోవడం కారు ప్రేమికులకు తగదు.

పాత 911 చేతికి వచ్చినవారు, వారు ఏ దేశంలో ఉన్నా, సన్‌రూఫ్ మూసేయమని ఎవరైనా సలహా చెబితే ఒక్క పని చేయాలి. తెలిసిన పనివాడి దగ్గర కూర్చుని, నాలుగు మూలల్లో నీళ్లు పోయించి చూడాలి. గొట్టాలు శుభ్రం చేయించి, రెండు కేబుళ్లూ కలిపి మార్పించి, అసలు కొలతకు సరిపోయే బీడింగు కొని, సర్దుబాటుకు ఎంత సమయం పట్టినా ఆ గంటలకు పూర్తి కూలి ఇవ్వాలి. ఆ పని చేస్తున్నప్పుడు పక్కన నిలబడి నేర్చుకునే కుర్రవాడు ఒకడుంటే, వాడి కూలి కూడా యజమానే ఇవ్వాలి.