ఉపదేశి చేతికి పట్టా

వికారాబాద్ నుంచి తాండూరు దాకా, రైలు పట్టాల వెంట, కంది చేల మధ్య, నాపరాయి గనుల పక్కన ఉన్న ఊళ్లకు క్రైస్తవం కొత్తది కాదు. ఇక్కడ చర్చి అనగానే చాలామందికి మెథడిస్టు సంఘమే గుర్తుకొస్తుంది. ధారూర్ దగ్గర ఏటా నవంబరులో జరిగే మెథడిస్టు క్రైస్తవ జాతరకు తెలంగాణ జిల్లాల నుంచే కాదు, కర్ణాటక, మహారాష్ట్రల నుంచీ జనం వస్తారు. గుడారాలు వేసుకొని రోజుల తరబడి ఉంటారు. ఆ పెద్ద సందడి పక్కన కతోలిక కుటుంబాలు ఊరికి కొన్ని చొప్పున చెదిరి ఉన్నాయి. వీళ్లంతా హైదరాబాద్ అగ్రపీఠం కిందికి వస్తారు.

చెదిరి ఉండటంతోనే అసలు చిక్కు మొదలవుతుంది. విచారణ (పారిష్) గురువు ఒక్కరే, ఆయన చూసుకోవాల్సిన ఊళ్లు మాత్రం అనేకం. ఒక ఊళ్లో దివ్యబలిపూజ ముగించి మరో ఊరికి బయలుదేరిన ఫాదర్, పిల్లల్ని కూర్చోబెట్టి గంటసేపు సత్యోపదేశం చెప్పే తీరిక ఎక్కడి నుంచి తెస్తారు? వారంలో మిగతా ఆరు రోజులూ ఆ ఊళ్లోనే ఉండేవాళ్లు, అక్కడే కూలికో కొలువుకో వెళ్లేవాళ్లు, పిల్లల పేర్లతో పాటు వాళ్ల ఇళ్ల గొడవలు కూడా తెలిసినవాళ్లు ఆ పని చేయాలి. తెలుగు కతోలిక సంఘంలో తరతరాలుగా ఆ పని చేసింది ఉపదేశులు. వాళ్లను ఎలా తయారు చేయాలి, ఎవరు ఏ పద్ధతిలో గుర్తించాలి అన్నది కార్యాలయం పనిగా కనిపించవచ్చు. నిజానికి ఊరి సంఘం బతుకు దాని మీదే ఆధారపడి ఉంది.

గృహస్థులు మత విద్య నేర్పడం ఇక్కడ పుట్టిన ఏర్పాటు కాదు. 1536లో ఇటలీలోని మిలాన్ నగరంలో కాస్తెల్లినో ద కాస్తెల్లో అనే గురువు సెలవు రోజుల్లో పిల్లలకు క్రైస్తవ సిద్ధాంతం చెప్పే బడి తెరిచారు. చెప్పేవాళ్లు మామూలు జనం. తర్వాత ఆ నగరానికి అగ్రపీఠాధిపతిగా వచ్చిన చార్లెస్ బొర్రోమియో ఆ బడులను ఊరూరా విస్తరించారు. 1584లో ఆయన చనిపోయే నాటికి దాదాపు 740 బడులు, 3 వేల మంది బోధకులు, 40 వేల మంది విద్యార్థులు ఉన్నారని లెక్కలు చెబుతున్నాయి. ఆ మిలాన్‌లోనే 1850లో విదేశీ వేదప్రచారం కోసం ఒక సెమినరీ ఏర్పడింది. అక్కడ తయారైన గురువులు 1855లో హైదరాబాద్ చేరుకున్నారు. తర్వాతి కాలంలో పీమే సభగా పేరుపొందింది వాళ్లే. నిజాం రాజ్యంలో కతోలిక సంఘాన్ని నిలబెట్టినవాళ్లు గృహస్థుల చేత పాఠం చెప్పించడం మూడు శతాబ్దాలుగా అలవాటైన నగరం నుంచి వచ్చారన్నమాట.

తెలుగు నేలకు అంతకంటే పాత అనుభవం కూడా ఉంది. 18వ శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి కేంద్రంగా పనిచేసిన ఫ్రెంచి యేసుసభ గురువులు పుంగనూరు, కృష్ణాపురం వంటి చోట్ల సంఘాలు నెలకొల్పారు. భాష, మర్యాద, కులాల మధ్య నడక తెలిసిన ఉపదేశులు లేకుండా ఆ పరదేశులు అడుగు తీసి అడుగు వేయలేకపోయేవారు. 1773లో పోపు యేసుసభనే రద్దు చేశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు గురువులు అరుదైపోయిన చోట్ల జపాలు, పండుగలు, నమ్మకం ఇళ్లలో నిలిచాయంటే ఆ ఘనత గృహస్థులదే.

దూరదేశపు మరో ఉదాహరణ ఈ మాటకు బలమిస్తుంది. పాపువా న్యూగినీకి చెందిన పీటర్ టో రోట్ 1912లో పుట్టారు. మిషన్ బడిలో శిక్షణ పొంది తన ఊరు రకునాయ్‌లో ఉపదేశి అయ్యారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం గురువులను నిర్బంధించినప్పుడు జపాలు నడిపిందీ, పిల్లలకు జ్ఞానస్నానం ఇచ్చిందీ, పెళ్లిళ్లకు సాక్షిగా నిలిచిందీ ఆయనే. బహుభార్యత్వాన్ని తిరిగి తెచ్చే ప్రయత్నాన్ని ఎదిరించి 1945లో ప్రాణం పోగొట్టుకున్నారు. 2025 అక్టోబరు 19న పోప్ 14వ లియో ఆయన్ను పునీతుడిగా ప్రకటించారు. భార్యాబిడ్డలున్న ఒక ఊరి ఉపదేశి అంతటి భారం మోయగలిగారంటే దాని వెనుక భక్తితో పాటు, నేర్పిన పద్ధతి కూడా ఉంది.

అలా నేర్పే పద్ధతుల్లో బాగా పాతది ప్రశ్నోత్తరాల వల్లె. ఉపదేశి అడుగుతాడు, పిల్లలు ముక్తకంఠంతో జవాబు చెబుతారు. ఈ పద్ధతిని తక్కువ చేసి మాట్లాడటం ఈ మధ్య అలవాటైంది, అది సరికాదు. అక్షరం రాని కూలి తల్లి పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం పొల్లుపోకుండా చెప్పగలిగింది వల్లె వల్లనే. అయితే దానికి ఒక హద్దుంది. జవాబు నోటికి వచ్చిన పిల్లవాడికి ప్రశ్న అర్థమైందో లేదో వల్లెలో బయటపడదు.

19వ శతాబ్దం చివర జర్మనీలో కొందరు బోధకులు ఈ లోపాన్ని గుర్తించి వరస తిరగేశారు. ముందు కథ చెప్పాలి, తర్వాత అందులోని సత్యాన్ని విప్పి చూపాలి, చివర దాన్ని పిల్లల బతుకుకు కలపాలి. మ్యూనిక్ పద్ధతిగా పేరుపడిన ఈ నడక తాండూరు పరిసరాల్లో చక్కగా సాగుతుంది. తప్పిపోయిన గొర్రె పాఠమే తీసుకోండి. ఇక్కడి పిల్లలకు గొర్రెల మంద పుస్తకంలో బొమ్మ కాదు, పొద్దున్నే ఎదురయ్యే దృశ్యం. మంద చీకటి పడే వేళకు తిరిగొచ్చాక కాపరి లెక్క పెట్టుకుంటే ఒకటి తగ్గింది. తొంభై తొమ్మిదింటిని వదిలి వెళ్లాలా, వద్దా? ఉపదేశి అక్కడ ఆగాలి. పిల్లలు వాదించుకోవాలి. తోడేలు వస్తే ఎలా అని ఒకరు, దొరక్కపోతే ఎలా అని మరొకరు అడగాలి. ఆ తర్వాతే దేవుడి మాట రావాలి. కథ ముగియకముందే నీతి చెప్పేయడం కొత్త ఉపదేశులు తరచుగా చేసే పొరపాటు. దాన్ని మాన్పించడానికి ఉపన్యాసం చాలదు. తోటివాళ్ల ఎదుట పుస్తకం చూడకుండా కథ చెప్పించాలి, ఎక్కడ తొందరపడ్డారో చూపాలి, మళ్లీ చెప్పించాలి.

పసిపిల్లలకు ఇంకో దారి ఉంది. 1954లో రోమ్‌లో సోఫియా కవల్లెత్తి, జాన్నా గొబ్బి కలిసి మాంటిస్సోరి సూత్రాల మీద ఒక పద్ధతి రూపొందించారు. 1939లో మద్రాసు వచ్చి యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు తర్ఫీదిచ్చిన మరియా మాంటిస్సోరి ఆలోచనలే దానికి పునాది. పిల్లల ఎత్తుకు సరిపడే చిన్న బలిపీఠం, చిన్న గిన్నె, కర్ర బొమ్మలు ఉంటాయి. బోధకురాలు తక్కువ మాట్లాడుతుంది, పిల్లలు చేత్తో కదుపుతూ నేర్చుకుంటారు. మూడేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా మూడు మెట్లు ఉంటాయి. ఏ మెట్టు పిల్లలకు చెప్పాలో ఆ మెట్టుకు విడిగా శిక్షణ తీసుకోవాలి. ఇందుకు ఖరీదైన సామగ్రి కావాలని భయపడనక్కర్లేదు. కుమ్మరి మట్టి, వడ్రంగి దగ్గర మిగిలిన చెక్క, పాత చీర ముక్క చాలు.

పెద్దల సంగతి వేరు. జ్ఞానస్నానం కోరి వచ్చినవారిని అంచెలంచెలుగా నడిపించే ప్రాచీన క్రమాన్ని సంఘం 1972లో పునరుద్ధరించింది. విచారించి చేర్చుకోవడం, వాక్యం వినిపించడం, తపస్సు కాలంలో ఎన్నిక, పాస్కా జాగరణ రాత్రి జ్ఞానస్నానం. నెలల తరబడి సాగే ఈ ప్రయాణంలో అభ్యర్థి పక్కన నడిచేది ఉపదేశే.

శిక్షణలో హద్దులు నేర్పడం కూడా అంతే ముఖ్యం. ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకు గురువు అందుబాటులో లేనప్పుడు ఉపదేశి జ్ఞానస్నానం ఇవ్వవచ్చని 1983 నాటి సంఘ ధర్మశాస్త్రం 861వ సూత్రం చెబుతోంది. ఇందుకు నిజమైన నీళ్లు కావాలి, త్రిత్వ నామం తప్పకుండా పలకాలి, తర్వాత విచారణ రిజిస్టరులో వివరాలు రాయించాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా ఆ కుటుంబం రేపు పెళ్లి వేళ చిక్కుల్లో పడుతుంది. గురువు రాని ఆదివారం వాక్య ప్రార్థన నడపడానికి 1988లో రోమ్ ఒక మార్గదర్శిని ఇచ్చింది. ఉపదేశి వాక్యం చదివించవచ్చు, అనుమతి ఉంటే దివ్యసత్ప్రసాదం పంచవచ్చు. బలిపూజ అర్పించడం, పాపసంకీర్తనం వినడం మాత్రం అతని పని కాదు. ఈ గీత స్పష్టంగా తెలిసిన ఉపదేశికి ఊళ్లో గౌరవం పెరుగుతుంది తప్ప తగ్గదు.

ఇక పట్టా సంగతి. 2021 మే 10 తేదీతో పోప్ ఫ్రాన్సిస్ ఒక ఆజ్ఞాపత్రం వెలువరించి, ఉపదేశకత్వాన్ని సంఘంలో స్థిరమైన పరిచర్యగా నెలకొల్పారు. స్త్రీ పురుషులిద్దరికీ తలుపు తెరిచారు. ఆయన పెట్టిన షరతులు గమనించదగ్గవి. లోతైన విశ్వాసం, మానవీయ పరిణతి ఉండాలి. సంఘ జీవితంలో చురుగ్గా పాల్గొనాలి. బైబిలు, వేదాంతం, బోధన పద్ధతుల్లో తగిన శిక్షణ పొందాలి. వీటికి తోడు, ఇదివరకే సత్యోపదేశం చెప్పిన అనుభవం ఉండాలి. చదివి పరీక్ష రాసినంత మాత్రాన సరిపోదన్నమాట. 2022 జనవరి 23న రోమ్‌లోని పునీత పేతురు బసిలికాలో ఆయనే కొందరికి సిలువలు అందించి ఈ పరిచర్యలో తొలిసారి నియమించారు.

అయితే ఆదివారం పాఠం చెప్పే ప్రతి ఒక్కరికీ ఈ నియామకం కాదు. 2021 డిసెంబరులో రోమ్ నుంచి వచ్చిన వివరణ లేఖ తేడాను తేటపరిచింది. పిల్లలను ప్రథమ దివ్యసత్ప్రసాదానికో భద్రమైన అభ్యంగనానికో సిద్ధం చేసేవారికి సత్యోపదేశ సంవత్సరం మొదట్లో అందరి ఎదుట అధికారం ఇవ్వడం తగినదని అంది. స్థిరమైన నియామకం ఎవరికన్నది పీఠాధిపతి వివేచనకు వదిలింది. సంఘం చూస్తుండగా పేరు పిలిచి బాధ్యత అప్పగించే ఈ ఏర్పాటు చాలా విలువైనది. ఉపదేశి గురువుకు ఇష్టుడైనందుకు వచ్చాడా, తగినవాడైనందుకు వచ్చాడా అన్న గుసగుస దానితో ఆగుతుంది. మెథడిస్టు సంప్రదాయంలో స్థానిక బోధకుల లైసెన్సును ఏటా విచారించి కొత్తగా ఇచ్చే ఆచారం చాలాకాలం నడిచింది. పొరుగు సంఘం నుంచి ఈ ప్రాంతపు కతోలికులు నేర్చుకోదగ్గ మంచి క్రమం అది.

2020లో రోమ్ నుంచి వచ్చిన సత్యోపదేశ డైరెక్టరీ శిక్షణను నాలుగు వైపుల నుంచి చూసింది. ఉపదేశి ఎలాంటి మనిషి, ఇతరులతో ఎలా ఉంటాడు, ఏం తెలుసు, ఏం చేయగలడు. వీటిలో మూడోదానికి మాత్రమే కాగితం మీద మార్కులు వేయగలం. మిగతావి తెలియాలంటే శిక్షకుడు ఊరికి వెళ్లి తరగతి వెనుక కూర్చోవాలి. పిల్లలు భయంతో నోరు మూసుకున్నారా, ఇష్టంగా చేతులెత్తుతున్నారా చూడాలి. పిల్లల భద్రత విషయంలో రాజీ పనికిరాదు. హింసకు, అధికార దుర్వినియోగానికి తావులేకుండా చూడటం శిక్షణలో భాగమేనని డైరెక్టరీ కూడా గుర్తుచేస్తుంది.

తాండూరు వంటి చోట మరో రెండు అవసరాలు తోడవుతాయి. మొదటిది భాష. 1956కు ముందు ఈ తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. ఇప్పటికీ బజారులో తెలుగు, కన్నడ, ఉర్దూ కలిసి వినిపిస్తాయి. జపం ఒక భాషలో, ఇంటి మాట మరో భాషలో ఉన్న పిల్లవాడికి అచ్చు పుస్తకంలోని గ్రాంథికం దూరంగా తోస్తుంది. ఉపదేశి దాన్ని పిల్లవాడి మాటలోకి తెచ్చే నేర్పు సంపాదించాలి. రెండోది పంట. డిసెంబరు, జనవరి నెలల్లో కంది కోతలు. ఆగమన కాలం, క్రిస్మస్ సరిగ్గా అప్పుడే వస్తాయి. కోతలకు వెళ్లే తల్లి మధ్యాహ్నం శిక్షణకు రాలేదు. బడి సెలవుల్లో, ఎండలు ముదిరే మే నెలలో పెట్టే తరగతులకైతే రాగలదు.

హైదరాబాద్ అగ్రపీఠానికి ఈనాడు కర్నూలు ప్రాంతంలో పుట్టిన పూల ఆంతోని కార్డినల్ అధిపతి. 2022 ఆగస్టు 27న కార్డినల్ పదవి అందుకున్న ఆయన తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్. తెలుగు పల్లెల్లో కతోలికుల్లో దళితులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. బడి గడప తొక్కనివ్వని రోజుల్లో చాలా పేటల్లో వాళ్ల చేత అక్షరం దిద్దించింది మిషను పంపిన ఉపదేశే. ఇప్పుడు ఆ పేటల నుంచే డిగ్రీలు చదివిన యువతీ యువకులు వస్తున్నారు. వాళ్లకు రెండు గంటల ఉపన్యాసం, ఒక ఫొటో, ఒక ధ్రువపత్రం ఇచ్చి పంపడం వాళ్ల తెలివిని తక్కువ అంచనా వేయడమే. బైబిలు ఎలా పుట్టిందో, సంఘ చరిత్రలో మంచిచెడులు ఏమిటో అడిగే హక్కు వాళ్లకుంది. జవాబు చెప్పగల శిక్షకులు కావాలి.

డబ్బు సంగతి కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. సంఘ ధర్మశాస్త్రం 231వ సూత్రం ఒకే చోట రెండు మాటలు చెప్పింది. సంఘ సేవకు పూనుకున్న గృహస్థులు తగిన శిక్షణ పొందాలి. వాళ్ల స్థితికి తగిన న్యాయమైన ప్రతిఫలం పొందే హక్కు కూడా వాళ్లకుంది. మొదటి మాట ప్రతి శిక్షణ తరగతిలోనూ వినిపిస్తుంది, రెండోది అరుదు. నాపరాయి గనిలో రోజు కూలి వదులుకొని హైదరాబాద్ శిక్షణకు వెళ్లే మనిషికి బస్సు చార్జీతో పాటు ఆ కూలి కూడా విచారణ పద్దులో ముందే రాసి పెట్టాలి. పూర్తికాలం పనిచేసే ఉపదేశికి నెలజీతం, జబ్బు చేస్తే ఆసరా, పిల్లల చదువుకు తోడు ఎంత ఇవ్వగలరో విచారణ పెద్దలు ఆయనకు బాధ్యత అప్పగించే రోజుకు ముందే తేల్చి చెప్పాలి.