అనంత దుమ్ములో టర్బో ఇంజిన్

2019 ఆగస్టులో పెనుకొండ దగ్గరి ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి కియా సెల్టోస్ బయటికొచ్చింది. వేరుశనగ కోసం మొగులు వైపు చూసే నేల మీద 140 పీఎస్ టర్బో కారు తయారైంది. 2023లో దానికి వచ్చిన 1.5 లీటర్ల టర్బో ఇంజిన్ 160 పీఎస్‌కు చేరింది. పెనుకొండ ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నా ఎండా, గాలీ, దుమ్మూ ఉమ్మడి అనంతపురానివే.

ఇలాంటి బండి కొన్నవాళ్లు ముందుగా ఏ ఆయిల్ పోయించాలని అడుగుతారు. ఈ ప్రాంతంలో అది రెండో ప్రశ్న. ఇంజిన్ పీల్చే గాలిలో ఏముందన్నది మొదటిది.

ఇక్కడ ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి హగరి నది ఇసుక దిబ్బలు పొలాల మీదికి జరుగుతుంటాయి. ఆషాఢంలో రామగిరి గాలిమరలను తిప్పే గాలే దుక్కి చేసిన చేలలోని ఎర్రమట్టిని రోడ్డుకెత్తుతుంది. లీటరు పెట్రోలు కాలడానికి దాదాపు 9 వేల లీటర్ల గాలి కావాలి. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే బండిలో అనంతపురం నుంచి హిందూపురం వెళ్లొస్తే ఇంజిన్ లక్షన్నర లీటర్లకు పైగా గాలి తాగుతుంది. అందులో తప్పించుకుని లోపలికి పోయిన ఇసుక రేణువు పిస్టన్ రింగుల దగ్గర ఆయిల్‌తో కలిస్తే, వాల్వులు అరగదీయడానికి మెకానిక్కులు వాడే పేస్టులా పనిచేస్తుంది. ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా ఆ అరుగుదల ఆగదు.

ఈ సంగతి మన రైతులకు ఎప్పుడో తెలుసు. పాత ట్రాక్టర్ల ఎయిర్ క్లీనర్ అడుగున నూనె గిన్నె ఉండేది. లోపలికి వచ్చే గాలి ఆ నూనెను తాకి, దుమ్మును అందులో వదిలి పైకెళ్లేది. దుక్కుల రోజుల్లో ఆ గిన్నె విప్పి, బురదలా మారిన నూనె పారబోసి, డీజిల్‌తో కడిగి, కొత్త నూనె పోయడం పొద్దుటి పనుల్లో ఒకటి. కారు బానెట్ ఎత్తడం మానేసిన మన తరం ఆ అలవాటును మళ్లీ పట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

కారులోని కాగితం ఫిల్టర్‌కు మాత్రం వేరే మర్యాద ఉంది. "ఊది బిగించేస్తాలే అన్నా" అంటూ కంప్రెసర్ పైపు దగ్గరగా పెడితే ఆ పీడనానికి కాగితం పోగులు చిరుగుతాయి. కంటికి శుభ్రంగా కనిపిస్తుంది, కానీ దుమ్మును ఆపదు. మెల్లగా తట్టి దులపండి, బాగా మూసుకుపోతే మార్చేయండి. అంచు రబ్బరు చుట్టూ సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. ఫిల్టర్ దాటాక ఉండే గొట్టంలో తెల్లగుడ్డతో తుడిచి చూడండి. ఎర్రగా అంటితే గాలి పక్కదారి పడుతోందని అర్థం.

హార్స్‌పవర్ పెరుగుతుందని అమ్మే నూనె పూసిన కాటన్ ఫిల్టర్లు ఈ నేలకు వద్దంటాను. గాలిని ధారాళంగా వదలడం కోసం అవి సన్నదుమ్మునూ ఎక్కువ వదులుతాయి. నూనె ఎక్కువ పూస్తే గాలిని కొలిచే సెన్సర్ మీద పొర కడుతుంది.

ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే మొదటి అంకె చలిలో స్టార్టింగ్‌కు సంబంధించినది. 5డబ్ల్యూ పరీక్ష మైనస్ 30 డిగ్రీల దగ్గర జరుగుతుంది, మన చలికి అది చాలు. రెండో అంకె వేడిలో చిక్కదనం. 150 డిగ్రీల దగ్గర ఒత్తిడిలో ఆ చిక్కదనం 5డబ్ల్యూ-30కి కనీసం 2.9, 5డబ్ల్యూ-40కి కనీసం 3.5 సెంటీపాయిజ్ ఉండాలన్నది ప్రమాణం. 44వ నంబరు జాతీయ రహదారి మీద మే నెల ఎండలో గంటల తరబడి వేగంగా పోయేవారికి ఆ తేడా పనికొస్తుంది. అయితే బండి పుస్తకంలోని పట్టిక 40కి ఒప్పుకుంటేనే. ఎండలు కదా అని 20డబ్ల్యూ-50 పోయించడం తప్పు. చిక్కటి ఆయిల్ స్టార్ట్ చేయగానే టర్బో బేరింగులకు ఆలస్యంగా అందుతుంది.

టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న బండికి ఏపీఐ ఎస్‌పీ గుర్తు చూసి కొనండి. లారీని దాటడానికి తక్కువ ఆర్‌పీఎంలో గట్టిగా తొక్కినప్పుడు స్పార్క్ కంటే ముందే పెట్రోలు అంటుకుని పిస్టన్ పగలొచ్చు. 2020లో వచ్చిన ఈ ప్రమాణం ఆ ప్రమాదాన్ని తగ్గించేలా ఆయిల్‌ను పరీక్షిస్తుంది.

ఆయిల్ ఫిల్టర్ దగ్గర పొదుపు చేయకండి. ఇంజిన్ ఆపాక ఆయిల్ కిందికి జారిపోకుండా అందులో ఒక రబ్బరు వాల్వు ఉంటుంది. నాసిరకంలో అది వేడికి గట్టిపడి పట్టు వదిలేస్తుంది. ఫిల్టర్ మూసుకుపోతే బైపాస్ వాల్వు తెరుచుకుని, వడకట్టని ఆయిలే బేరింగులకు వెళ్తుంది. కొత్తది బిగించేముందు పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉందేమో వేలితో తడిమి చూడాలి. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేయాలి.

దుమ్ము, ఎండ, చిన్న ప్రయాణాలు ఉంటే సర్వీసు త్వరగా చేయించమని బండి పుస్తకంలో విడిగా రాసి ఉంటుంది. అనంతపురంలో సప్తగిరి సర్కిల్ నుంచి టవర్ క్లాక్ దాకా తిరిగే బండికి ఆ పేజీయే వర్తిస్తుంది. చిన్న ప్రయాణాల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కక, కాలని పెట్రోలు ఆయిల్‌లోకి దిగుతుంది. గేజ్ తీసి చూస్తే మట్టం పెరిగి, పెట్రోలు వాసన వస్తుంటే, కిలోమీటర్లు మిగిలి ఉన్నా ఆయిల్ మార్పించాల్సిందే.