పొయ్యి ముట్టించని తీపి

ఎండాకాలంలో పదిమంది కలిసే చోటికి ఏం తీపి చేయాలి? ఖతార్‌లోని దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో ఈ ప్రశ్నకు అన్నిటికన్నా తగిన జవాబు పొయ్యి ముట్టించకుండా చేసే తీపేనని నా నమ్మకం. బిస్కెట్టు, వడకట్టిన పెరుగు, మాగిన మామిడి పొరలు పొరలుగా పేర్చి, ఒక రాత్రంతా చల్లగా ఉంచి, మర్నాడు అందరూ కలిసి తినేది. ఇంత సులువైన దాన్ని వంట అనడం ఏమిటని కొందరు కొట్టిపారేస్తారు. ఆ చులకన తప్పని చెప్పడానికే ఈ వారం కాలమ్. ఈ తీపికి నిప్పు అక్కర్లేదు గానీ తెలివి కావాలి, ఓపిక కావాలి, శుభ్రత మామూలు వంటకన్నా ఎక్కువే కావాలి. పైగా అక్కడి కార్మికుల క్యాంపుల్లో ఉండే మనవాళ్లు నలుగురికి పెట్టే చేతులుగా నిలబడడానికి ఇంత అనువైన వంటకం మరొకటి కనిపించదు.

ముందు ఆ చోటి సంగతి. సల్వా రోడ్డు పక్కన, నంబర్లే పేర్లుగా ఉన్న వీధుల్లో గ్యారేజీలు, గోదాములు, వర్క్‌షాపులు, వాటి నడుమ కార్మికుల క్యాంపులు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి నుంచి, ఇటు కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఉంటారు. కార్మికుడికి కనీసం ఆరు చదరపు మీటర్ల చోటు, గదికి నలుగురికి మించకూడదు అన్నది 2014 నాటి వసతి నిబంధన. గదిలో పొయ్యికి చోటు లేదు, ఉన్నా పెట్టనివ్వరు. కొందరికి కంపెనీ మెస్, కొందరికి ఉమ్మడి వంటగది. డ్యూటీ దిగి వచ్చినవాళ్లంతా ఒకేసారి చేరే ఆ ఉమ్మడి వంటగదిలో ఖాళీ బర్నరు దొరకడమే కష్టం. అక్కడ యాభై మందికి సేమ్యా పాయసమో గులాబ్‌జామో చేయాలంటే ఎవరో ఒకరు రెండు మూడు గంటలు ఆవిరిలో నిలబడాలి. ఖతార్ ప్రభుత్వం 2021లో తెచ్చిన నియమం ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పగలు 10 గంటల నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదు. ఎండనూ తేమనూ కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ గంటలోనైనా పని ఆపాలి. వేడి మనిషిని ఎంత దెబ్బతీస్తుందో చట్టమే ఒప్పుకున్న దేశంలో, సెలవునాడు కూడా ఒక మనిషిని పొయ్యి ముందు నిలబెట్టి తీపి చేయించడం నాకు న్యాయంగా తోచదు.

ఇక పని సంగతి. మామూలు వంటలో నిప్పు చేసే పనిని ఇక్కడ తడి చేస్తుంది. మేరీ బిస్కెట్టు కాల్చి ఎండబెట్టిన సరుకు, దానిలో తేమ నామమాత్రం. దాని పక్కన పెరుగు పొర వేస్తే ఆ పెరుగులోని నీరు మెల్లగా బిస్కెట్టులోకి దిగుతుంది. ఆరేడు గంటల్లో బిస్కెట్టు మెత్తబడి కేకు ముక్కలా అవుతుంది, నీరు వదిలిన పెరుగు ఇంకాస్త గట్టిపడి చెంచాకు నిలుస్తుంది. అందుకే పేర్చిన వెంటనే తింటే ఏ పొర రుచి దానిదే, ఒకదానితో ఒకటి కలవదు. గురువారం రాత్రి పేర్చి పెడితే శుక్రవారానికి సరిగ్గా కుదురుతుంది. వారానికి ఒక్కరోజే సెలవున్నవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? ఆ సెలవు రోజులో ఒక్క గంట కూడా ఈ వంటకం అడగదు. తొందరపడి బిస్కెట్లను పాలలో ముంచి పేర్చేవాళ్లుంటారు. మేరీ కాసేపు తట్టుకుంటుంది. పార్లే-జీ సంగతి చాయ్‌లో ముంచిన ప్రతివాళ్లకూ తెలిసిందే, చేతిలో పట్టుకుని ఉండగానే జారిపోతుంది. రాత్రంతా సమయం ఉన్నప్పుడు ముంచనే అక్కర్లేదు.

మెలకువంతా పెరుగులో ఉంది. మామూలు పెరుగు అలాగే వేస్తే నీరు మరీ ఎక్కువై అడుగు పొర ముద్దవుతుంది. రెండు కిలోల పెరుగును పల్చటి నూలుగుడ్డలో కట్టి, ఫ్రిజ్‌లోనే గిన్నె మీద జల్లెడ పెట్టి ఐదారు గంటలుంచితే దగ్గరదగ్గర ఒక కిలో గట్టి పెరుగు మిగులుతుంది. గుడ్డకట్టే తీరిక లేకపోతే లబ్నే కొనుక్కోవచ్చు, అదీ వడకట్టిన పెరుగే. కొన్ని రకాల్లో ఉప్పు ఉంటుంది కాబట్టి డబ్బా చదివి కొనాలి. ఒకప్పుడు ఖతార్‌కు పాలూ పెరుగూ చాలావరకు సౌదీ నుంచి వచ్చేవి. 2017 జూన్ 5న పొరుగుదేశాలు సరిహద్దులు మూసేశాక, బలద్నా సంస్థ ఆవులను విమానాల్లో రప్పించి అల్ ఖోర్ దగ్గర ఎడారిలో పెద్ద పాడి నిలబెట్టింది. ఇవాళ క్యాంపు పక్కనున్న చిన్న దుకాణంలో కూడా తాజా పెరుగు దొరుకుతోందంటే ఆ కష్టకాలంలో పడిన పునాది అందుకు ఒక కారణం. గట్టి పెరుగులో ముప్పావు డబ్బా మిల్క్‌మెయిడ్, నాలుగు యాలకుల పొడి, ఒక నిమ్మకాయ రసం కలపాలి. నిమ్మరసం రుచికే అనుకోవద్దు. ఆ పులుపు తగలగానే మిల్క్‌మెయిడ్ చిక్కబడుతుంది, జెలటిన్ లాంటివి వేసే అవసరం ఉండదు. దీనికి మూడు వందల గ్రాముల బిస్కెట్లు, కిలోన్నర మామిడిపళ్లు తోడైతే పదిహేను మందికి సరిపోతుంది. అడుగున బిస్కెట్టు, దాని మీద పెరుగు, ఆపైన పండు. ఇలా మూడు వరుసలు.

పండు ఎంపికలోనే చేయితిరిగినవాళ్లెవరో తెలిసిపోతుంది. ముక్కలకు పీచు లేని గట్టి పండు కావాలి. బంగినపల్లి దొరికితే దానికి సాటి లేదు. సీజను ముదిరాక పాకిస్తాన్ నుంచి వచ్చే సింధ్రీ, ఆ తర్వాత చౌసా కూడా చక్కగా కుదురుతాయి. రసాలు కోతకు పనికిరావు, పిండి పెరుగులో కలపడానికే వాటి పుట్టుక. తాజా పండు లేని రోజున డబ్బా గుజ్జు వాడుకోవచ్చు. చిత్తూరు జిల్లాలో తోతాపురి గుజ్జు తీసే కర్మాగారాలు చాలా ఉన్నాయి, వాటి సరుకు గల్ఫ్ దేశాలకు వెళ్తుంది. అయితే ఆ డబ్బాల్లో చాలావాటికి చక్కెర ముందే కలిపి ఉంటుంది, మిల్క్‌మెయిడ్ సగానికి తగ్గించాలి. కోసిన ముక్కల మీద చక్కెర చల్లకూడదు. చల్లితే పండు తనలోని నీరంతా వదిలేసి పొరలను జారుస్తుంది. పచ్చి అనాస, కివీ, బొప్పాయిలను పెరుగుతో కలిపి రాత్రంతా ఉంచడం అసలే వద్దు. వాటిలో ఉండే ఎంజైములు పాలలోని మాంసకృత్తులను విరగ్గొట్టి చేదు తెప్పిస్తాయి. డబ్బా అనాసతో ఆ బాధ లేదు, వేడి చేసినప్పుడే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. పుచ్చకాయ పేర్చే పండు కాదు. ద్రాక్ష, దానిమ్మ పైన చల్లడానికి బాగుంటాయి. ఇక ఖతార్‌లో జులై, ఆగస్టు అంటే ఖర్జూరాల కాలం. ఖలాస్, ఖనేజీ రకాలు మెత్తగా నూరి ఒక పొరగా పరిస్తే మిల్క్‌మెయిడ్ అవసరం చాలావరకు తీరిపోతుంది.

ఇది మన వంట కాదు, పరాయి పద్ధతి అని ఒక అభ్యంతరం వినిపిస్తుంది. పొరలుగా పేర్చే పద్ధతి మనది కాదన్నది నిజమే. ఇదే వరుసలో గ్రాహమ్ బిస్కెట్లు, క్రీము, మామిడితో ఫిలిప్పీన్స్ వాళ్లు చేసుకునే మ్యాంగో ఫ్లోట్ గల్ఫ్ అంతటా వాళ్ల విందుల్లో కనిపిస్తుంది. పక్క గదివాళ్ల దగ్గర నేర్చుకోవడంలో చిన్నతనం ఏముంది? నిప్పు లేకుండా చేసింది నైవేద్యానికే పనికొచ్చినప్పుడు విందుకు పనికిరాదా? తెలుగువాడి ఏడాది ఉగాది పచ్చడితో మొదలవుతుంది. దానికి పొయ్యి లేదు. ఉగాదితో కలిపి తొమ్మిదోరోజున వచ్చే శ్రీరామనవమికి పానకం, వడపప్పు. రెండూ పచ్చివే, రెండూ ఎండలు ముదిరే వేళ ఒంటికి చలువ చేసేవే. మంగళగిరి కొండమీద నరసింహస్వామికి పానకమే ప్రసాదం. పచ్చి చలిమిడి శుభకార్యాల్లో పెడతాం. ఇవి చేసిన అమ్మమ్మలను వంట రానివాళ్లని ఎవరూ అనలేదు. ఎండాకాలంలో పొయ్యికి సెలవివ్వడం మనవాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన వివేకం. పొరలు మాత్రమే కొత్త.

దీనికన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది, దాన్ని తేలిగ్గా దాటేయడం ప్రమాదం. నిప్పు తగలని పాల పదార్థాన్ని నలభై డిగ్రీల ఎండలో పదిమందికి పెట్టడం క్షేమమేనా? జాగ్రత్త లేకపోతే క్షేమం కాదు. అయిదు నుంచి అరవై డిగ్రీల మధ్య వేడిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. ఇలాంటి పదార్థం మామూలుగా రెండు గంటలకు మించి బయట ఉండకూడదు, చుట్టూ ముప్పై రెండు డిగ్రీలు దాటితే ఒక్క గంటే గడువు. ఖతార్ ఎండాకాలంలో రాత్రిపూట కూడా ఆ ఒక్క గంట లెక్కే పట్టుకోవాలి. వండిన పదార్థంలో చేతి మురికి చేసే హానిని మంట కొంత సరిచేస్తుంది. ఇక్కడ ఆ రక్షణ లేదు. అందుకని చేతులు, కత్తి, పీట సబ్బుతో కడిగాకే మొదలుపెట్టాలి, పళ్లను తాగే నీళ్లతో కడగాలి, మాంసం కోసిన పీట మీద పండు కోయకూడదు. పేర్చిన తర్వాత ఆఖరి రెండు గంటలు ఫ్రీజర్లో పెట్టి సగం గడ్డకట్టించి, మూత బిగించి, ఐస్ నింపిన పెట్టెలో తీసుకెళ్లాలి. ఐస్ కరుగుతున్నంతసేపూ లోపల చల్లదనం నిలుస్తుంది. పెట్టె మూత వడ్డించే నిమిషంలోనే తియ్యాలి. మిగిలినదాన్ని దాచుకోవాలన్న ఆశ వద్దు, పారేయడమే మేలు.

మరి గదిలో ఫ్రిజ్ కిక్కిరిసి ఉంటే, ఐస్ పెట్టె కూడా దొరక్కపోతే? అప్పుడు పాలు కలిసిన ఈ తీపి చేయకూడదు, అంతే. దానికి బదులు పళని పంచామృతం దారి ఉంది. తమిళనాడులో 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ ప్రసాదంలో విరూపాక్షి అరటిపండు, బెల్లం, ఆవునెయ్యి, తేనె, ఏలకులు, ఖర్జూరం, పటికబెల్లం. నీళ్లచుక్క గానీ పొయ్యి గానీ లేదు. తీపి అంత చిక్కగా ఉండి నీరు తక్కువైతే సూక్ష్మజీవులు తేలిగ్గా పెరగలేవు. ఖతార్ ఖర్జూరం ఎక్కువ వేసి ఇదే పద్ధతిలో చేసుకున్నది చల్లదనం లేకపోయినా ఆ సాయంత్రానికి పాడవకుండా నిలుస్తుంది. బిస్కెట్ల పైన పరిచి పెడితే పొరల తీపి కోరిక కూడా తీరుతుంది.

చక్కెర జబ్బున్నవాళ్ల మాటేమిటంటే, గట్టి పెరుగూ పండూ ఎక్కువేసి, తీపి తగ్గించి, చిన్న కప్పులో పెట్టాలి. పాకంలో నానిన జామూన్‌కన్నా ఇది నయమే తప్ప మందు కాదు. ఖర్చు విషయానికొస్తే, యజమాని భోజనం పెట్టనప్పుడు చట్టం ప్రకారం ఇవ్వాల్సిన కనీస భత్యం నెలకు 300 రియాళ్లు, అంటే రోజుకు పది. ఆ లెక్కలో బతికేవాడికి క్రీము డబ్బాలు భారమే. అందుకే నేను క్రీము మాట ఎత్తకుండా పెరుగు దగ్గరే ఆగాను. పెరుగు, బిస్కెట్లు, సీజనులో ఉన్న పండు, ఈ మూడూ పదిమంది తలా కొంత వేసుకుంటే అందే సరుకులే.

కేకో స్వీట్ల డబ్బానో కొనేస్తే ఈ శ్రమంతా ఎందుకన్నది చివరి ప్రశ్న. కొనడంలో తప్పేమీ లేదు. అయితే ఇండస్ట్రియల్ ఏరియాలో జరిగే సభల్లో కార్మికుడు ఎప్పుడూ పొట్లం అందుకునే మనిషిగానే మిగిలిపోతున్నాడు. నగరం నుంచి సంఘాలవాళ్లు వస్తారు, పంచుతారు, ఫొటో దిగుతారు. వాళ్ల మనసు మంచిదే, నాకు సందేహం లేదు. కానీ ఊళ్లో ఉన్నప్పుడు పెళ్లి పందిట్లో పదిమందికి వడ్డించిన మనిషికి, ఇక్కడ ఎవరికైనా ఏదైనా పెట్టే అవకాశమే లేకుండా ఏళ్లు గడిచిపోతాయి. ఈ పొరల తీపికి వంటగది అక్కర్లేదు. ఒకరు పండు కోస్తారు, ఒకరు పెరుగు గిలక్కొడతారు, ఇద్దరు కప్పుల్లో పేరుస్తారు. ట్రేలో కాకుండా చిన్న కాగితపు కప్పుల్లోనే పేర్చితే కోయాల్సిన పని, పళ్లాల బాధ ఉండవు, ఎవరి వంతు ఎంతన్న మాటే రాదు. సూపర్‌వైజరుకైనా హెల్పరుకైనా అదే కప్పు.

తెలంగాణ అవతరణ దినోత్సవం జూన్ 2న వస్తుంది, మధ్యాహ్నం పని నిషేధం మొదలైన మర్నాడే. ఆ వారంలో క్యాంపులకు వెళ్లే తెలుగు సంఘాల పెద్దలకు ఒక విన్నపం. ఈసారి తయారైన స్వీట్ల డబ్బాలకు బదులు పెరుగు, బిస్కెట్లు, మామిడిపళ్లు, కాగితపు కప్పులు, రెండు ఐస్ పెట్టెలు ముందురోజే క్యాంపుకు చేర్చండి. చేసేది వాళ్లు, తినేది మీరూ వాళ్లూ కలిసి.