ఎండల ప్రణాళికలో క్రియాపదాలు

నగరపాలక సంస్థలు వెలువరించే ప్రణాళికలను సాహిత్య విమర్శకులు చదవరు. చదవవలసిన అవసరం ఉన్నదని నా అభిప్రాయం. ఒక రచనలో కర్త ఎవరు, కర్మ ఎవరు, ఏ క్రియ ఎవరిమీద పడుతున్నది అని వెతకడం మన వృత్తి. ప్రభుత్వ పత్రాలు ఆ వృత్తికి అతీతం కావు.

అహమ్మదాబాదులో 2010 మే నెలలో ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. ఆ ఒక్క నెలలో మామూలుకన్న 1,344 మంది అధికంగా చనిపోయినారని పరిశోధకులు తరువాత లెక్కగట్టారు. ఆ దెబ్బతో నగరం 2013లో వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక తయారుచేసుకొన్నది. దక్షిణాసియాలో ఇట్టిది అదే మొదటిది. ముందస్తు హెచ్చరికలు, వైద్య సిబ్బందికి శిక్షణ, మంచినీటి ఏర్పాట్లు, ప్రచారం అందులో ఉన్నవి. ఇది పనికిమాలిన పత్రమని నేననను. దీనివల్ల ఏటా సగటున 1,190 చావులు తప్పి ఉంటాయని 2018లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ప్రభుత్వం చేసిందనగానే ముఖం చిట్లించే అలవాటు మనలో కొందరికి ఉన్నది గాని, అది విమర్శ కాదు.

ఇక క్రియలు చూద్దాం. ఒక శాఖ హెచ్చరించాలి, మరొకటి ఆసుపత్రులను సిద్ధం చేయాలి, ఇంకొకటి నీళ్లు అందించాలి. ఇంతవరకు అన్నీ ఆజ్ఞలే. ఎండలో పనిచేసేవారి పనివేళలు మార్చే చోటికి వచ్చేసరికి మాత్రం భాష మెత్తబడింది. యజమానులను "ప్రోత్సహించాలి" అట! ప్రోత్సహించినా వినని కాంట్రాక్టరును ఏం చేయాలి? పని ఆగిన గంటల కూలి ఎవరివ్వాలి? ఆ క్రియలో ఈ ప్రశ్నలకు చోటు లేదు. ఇటుకలు మోసే మనిషి వడదెబ్బ అంటే తెలియక ఎండలోకి పోవడం లేదు. నీడకు పోతే ఆ సాయంత్రం బియ్యానికి డబ్బులుండవు కనుక పోతున్నది. ఆమె చేతికి కరపత్రమిచ్చి నీడపట్టున ఉండమనడం, ఆకలిగొన్నవాడికి పథ్యం చెప్పడం వంటిది.

ఈ లోపం ఒక్క అహమ్మదాబాదుది కాదు. దేశంలోని 37 వడగాడ్పుల ప్రణాళికలను పరిశీలించిన ఒక నివేదిక 2023లో వచ్చింది. ఎవరికి ముప్పు ఎక్కువో పద్ధతి ప్రకారం తేల్చినవి వాటిలో రెండే. నిధుల మాట ఎత్తినవి పదకొండు.

2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి వెయ్యిమందికి పైగా వడదెబ్బకు చనిపోయినారు. కాబట్టి మన పత్రాలనూ ఇదే కంటితో చూడాలి. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. ఎండను తిప్పికొట్టే తెల్లని పూత వేస్తే ఇంటిలోపల వేడి తగ్గుతుంది, శాస్త్రం సరైనదే. కాని ఆ విధానం ప్రకారం 600 చదరపు గజాలు దాటిన స్థలంలోని ఇళ్లకు ఇది తప్పనిసరి, అంతకు లోపువాటికి ఐచ్ఛికం. అంటే పగలంతా కాగి, రాత్రి కూడా మనిషిని చల్లబడనీయని రేకుల ఇల్లు ఐచ్ఛికం కిందికి వచ్చింది. పేదలపై భారం మోపకూడదన్న దయ ఇందులో ఉన్నదని వాదించవచ్చు. దయే అయితే, ఆ కప్పులకు ప్రభుత్వమే పూత "వేయిస్తుంది" అని తప్పనిసరి వాక్యమొకటి రాసి ఉండవలసింది.

నేను వెతుకుతున్న క్రియ మరొకచోట కనిపించింది. అహమ్మదాబాదులోనే 1972లో పుట్టిన "సేవ" అనే మహిళా శ్రామికుల సంఘం తన సభ్యులకు ఎండల బీమా ఏర్పాటు చేసింది. 2024 వేసవిలో ఉష్ణోగ్రత నిర్ణీత హద్దు దాటగానే 46,000 మందికి పైగా స్త్రీలకు తలకు 400 రూపాయలు చెల్లించారు. మొత్తం చిన్నదే. అయినా "చెల్లించు" అన్న మాట వచ్చిందిక్కడ. పోయిన కూలి కూడా ఎండ చేసిన నష్టంలోదేనని ఒప్పుకొన్నట్టయింది. ఆ డబ్బు మాత్రం ఏ కాంట్రాక్టరు జేబులోనుంచీ రాలేదు.