అనంతగిరి మీద ఒక ఎర్ర చుక్క

వేసవిలో అనంతగిరి గుట్టకు మా టెలిస్కోపు వెంట వచ్చేవాళ్లు చంద్రుడి మీది గుంటలు, గురుడి చందమామలు చూపించమంటారు. అవి చూసి సగం మంది వికారాబాద్ దారి పడతారు. పదకొండు దాటి వృశ్చికం బాగా పైకి వచ్చాక, ఉన్నవాళ్లకి నేను ఎవరూ అడగని చుక్కొకటి చూపిస్తాను. వృశ్చికానికి ఉత్తరంగా ఓఫియుకస్ మండలం. అందులో 66 ఓఫియుకి అనే చిన్న నక్షత్రం నుంచి నిండు చంద్రుడి వెడల్పు కంటే కాస్త ఎక్కువ జరిగితే, వెలవెలబోయే ఎర్రటి చుక్క దొరుకుతుంది. పేరు బర్నార్డ్ నక్షత్రం. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరైన ఒంటరి నక్షత్రం అదే. ఈ రాత్రి మన కంట్లో పడే దాని వెలుగు బయల్దేరి ఆరేళ్లయింది.

తాండూరు నుంచి వచ్చిన ఒక డిగ్రీ అమ్మాయి ఐపీస్ దగ్గర చాలాసేపు నిలబడి, "అన్నా, గింతేనా? దీనికోసమేనా ఇంతసేపు ఆగినం?" అంది. నిజమే, ఆ చుక్కలో చూడ్డానికి ఏమీ లేదు. కానీ దాని చుట్టూ భూమి కంటే చిన్నవైన, బహుశా రాతివైన నాలుగు గ్రహాలు తిరుగుతున్నాయి. అందులో ముందుగా దొరికినదానికి ఏడాదంటే మన లెక్కలో మూడు రోజుల పైచిలుకు. నక్షత్రం చల్లనిదే అయినా గ్రహం మరీ దగ్గరగా ఉండడంతో వేడి 125 డిగ్రీల దాకా ఉంటుందని అంచనా. అక్కడ నీళ్లు నిలవవు.

ఈ మాట చెప్పినప్పుడు నాకు తాండూరు బండలే గుర్తొస్తాయి. మన ఇళ్లలో పరిచే ఆ నీలం, పసుపు నాపరాళ్లన్నీ సున్నపురాయి. కోట్ల ఏళ్ల కిందట ఇక్కడొక లోతులేని సముద్రం ఉండేది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ నీళ్లలో కరిగి, కాల్షియంతో కలిసి, పొరలు పొరలుగా అడుగున పేరుకుంది. భూమి తన గాలిని ఇలా రాయిగా మార్చి దాచుకోకపోతే శుక్రుడిలా ఉడికిపోయేది. కాబట్టి రాతి గ్రహం దొరికిందనగానే మరో భూమి దొరికిందని అనుకోనక్కర్లేదు. ఆ రాయికి నీళ్లు తగిలాయా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఆ బండలతో మాకు ఇంకో పని కూడా ఉంది. తాండూరులో మేడ మీద టెలిస్కోపు పెడితే, పగలంతా ఎండను తాగిన నాపరాళ్లు అర్ధరాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటాయి. ఆ సెగకు చుక్క ఐపీస్‌లో వణుకుతుంది. అందుకే స్టాండును మట్టినేల మీదికి దించుతాం. ఫోన్లన్నీ సంచిలో పడేస్తాం. కళ్లు చీకటికి అలవాటు పడడానికి కనీసం ఇరవై నిమిషాలు పడుతుంది. మసక చుక్కను సూటిగా చూస్తే మాయమవుతుంది, చూపు కాస్త పక్కకి పెడితే మళ్లీ తేలుతుంది. అప్పుడు ఎర్ర టార్చి వెలుగులో చుట్టూ ఉన్న చుక్కలతో సహా దాన్ని పెన్సిల్‌తో కాగితం మీద పెట్టాలి. ఆకాశంలో అంత వేగంగా జరిగే నక్షత్రం మరొకటి లేదు. 180 ఏళ్లలో చంద్రుడంత వెడల్పు దాటుతుంది. నాలుగైదేళ్ల బొమ్మలు పక్కపక్కన పెడితే ఆ జరుగుడు మన చేతి గీతల్లోనే కనిపిస్తుంది.

ఈ విద్యలో ఉన్నదంతా అదే, చూసిన చోటే మళ్లీ మళ్లీ చూడడం, మన పనిముట్టునే ముందుగా అనుమానించడం. ఖగోళ శాస్త్రవేత్త పీటర్ వాన్ డి కాంప్ ఏళ్ల తరబడి తీసిన ఫోటో ప్లేట్లు కొలిచి, 1963లో ఈ నక్షత్రం చుట్టూ గురుడిని మించిన గ్రహం ఉందన్నారు. 1973లో ఇతరులు వేరే టెలిస్కోపుల ప్లేట్లు కొలిస్తే అదేమీ కనిపించలేదు. ఆయన టెలిస్కోపు కటకాన్ని సరిచేసిన ఏడాదుల్లోనే చుక్కలు జరిగినట్టు తేలింది. 2018లో ప్రకటించిన మరో గ్రహం కూడా తర్వాతి పరిశీలనలో నిలవలేదు. చివరికి 2024 అక్టోబరులో చిలీలోని పెద్ద టెలిస్కోపు ఒక గ్రహాన్ని, 2025 మార్చిలో హవాయిలోని జెమినై టెలిస్కోపు మొత్తం నాలుగు గ్రహాలనూ తేల్చాయి. గ్రహం లాగుడుకి ఆ నక్షత్రం ఊగే వేగం సెకనుకి అర మీటరు మాత్రమే. మన నడకలో సగం కూడా లేదు.

మన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో వందేళ్ల కిందట చేసిందీ ఇలాంటి కొలతలే. ప్రపంచ దేశాలు ఆకాశాన్ని పంచుకుని పటం గీస్తున్నప్పుడు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ మన వంతుకు వచ్చింది. బేగంపేటలో ఎనిమిది అంగుళాల టెలిస్కోపుతో ప్లేట్లు తీసి, టి.పి. భాస్కరన్ లాంటి వాళ్ల పర్యవేక్షణలో లక్షల చుక్కల స్థానాలు కొలిచారు. తర్వాత నగరం వెలుగులు పెరగడంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు 48 అంగుళాల టెలిస్కోపును రంగాపూర్‌లో పెట్టుకోవలసి వచ్చింది. 1980 సంపూర్ణ సూర్యగ్రహణానికి శాస్త్రవేత్తలు తరలివచ్చింది అక్కడికే. నగరం ఆ దారినీ వదల్లేదు.

ఇప్పుడు ఆ వెలుగు మన గుట్టల దాకా వస్తోంది. తూర్పున హైదరాబాద్ వైపు ఆకాశం అర్ధరాత్రి కూడా తెల్లగా ఉంటోంది. వికారాబాద్ చుట్టూ రిసార్టులు నడిపేవాళ్లకి, మున్సిపాలిటీ వాళ్లకి నాది ఒకటే విన్నపం. దీపాలు తీసేయమని అడగడం లేదు. పైన మూత పెట్టి వెలుగు నేల మీదే పడేలా చేయండి, తోటలోని అలంకారం లైట్లు రాత్రి పదింటికి ఆపండి. లడఖ్‌లోని హాన్లేలో ఊరివాళ్లే ముందుకొచ్చి కిటికీలకు మందపాటి తెరలు కట్టుకుని చీకటిని కాపాడుతున్నారు. మనవాళ్లూ చేయగలరు.