జేగురు చెయ్యి ఎవరిది?

బర్మాలో షాన్ రాష్ట్రపు దక్షిణభాగంలో పదాలిన్ అనే సున్నపురాతి గుహలున్నాయి. 1969లో ప్రభుత్వం తరఫున అక్కడ తవ్వకాలు జరిగి రాతి పనిముట్లూ, బొగ్గూ బయటపడ్డాయి. గోడల మీద జేగురుతో వేసిన బొమ్మలు: మనిషి చెయ్యి, ఎద్దులాంటి జంతువు, చేప. 1996లో ఈ గుహలు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి.

వీటి గురించి తరచుగా వినబడే మాటలు రెండు. ఇవి 13 వేల ఏళ్ళనాటివని ఒకటి, వేట ఫలించాలని చేసిన తంతు అని రెండోది. రెండూ నాకు మింగుడుపడవు.

ఆ వయసు నేలలో దొరికిన బొగ్గుది. పొయ్యి రాజేసినవాళ్ళే గోడ మీద గీశారని ఎలా అనగలం? ఒకే ఫోల్డర్‌లో ఉన్నంత మాత్రాన రెండు ఫైళ్ళూ ఒకేరోజువని మా వృత్తిలో ఎవరూ ఒప్పుకోరు. ఇండొనేషియాలోని సులవేసి దీవిలో బొమ్మ మీద పేరుకున్న సున్నపు పొరని యురేనియం పద్ధతిలో పరీక్షించి, ఆ బొమ్మకి కనీసం 51,200 ఏళ్ళుంటాయని 2024లో ప్రకటించారు. పొర వయసు తెలిస్తే దాని అడుగున ఉన్న బొమ్మ అంతకన్నా పాతదని తెలిసినట్టే. ఆధారమంటే అదీ!

ఇక వేట సంగతి. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహలో దొరికిన ఎముకల్లో ఎక్కువభాగం రేన్‌డీర్‌వి. గోడల నిండా ఉన్నవేమో గుర్రాలూ, అడవి ఎద్దులూ. తిన్నదీ గీసినదీ ఒకటే కానప్పుడు ఆ సిద్ధాంతం నిలవడం కష్టం.

మూడో వ్యాఖ్యానం మనది. ఆ చెయ్యి 'నేనిక్కడ ఉన్నాను' అంటోందని. 1942లో కాలినడకనా, 1964 తర్వాత ఓడలెక్కీ ఈ దేశం వదిలిపోయిన తెలుగువాళ్ళ కథలు తెలిసి, అహ్లోన్‌లో కాపురముంటున్నవాడికి ఆ మాట వినబడటం సహజమే. అయితే ఆ దిగులు మనది. భూపాలపల్లి దగ్గరి గుట్టమీద కూడా ఆదిమానవుల ఎర్రబొమ్మలున్నాయి. గుట్ట పేరు మాత్రం పాండవులది! గీసినవాళ్ళ చోట మన కథని కూర్చోబెట్టడం మనకి అలవాటే.

ఇవన్నీ తీసేస్తే మిగిలేది తక్కువేమీ కాదు. ఎర్రరాయి వెతికి, నూరి, తడిపి, గోడని ఎంచుకున్నారు. గుహలో లేని ఎద్దుని మనసులో పెట్టుకొచ్చి పక్కవాళ్ళకి చూపించారు. ఎదుట లేనిదాన్ని కళ్ళకి కట్టించటమే కదా సాహిత్యమూ చేసేది!

రేపు మన గురించీ ఎవరో రాస్తారు. మిగిలిన గుర్తుల్లో ఉన్నంతే చదవమని వాళ్ళని కోరాలంటే, ముందు మనం అలా చదవటం నేర్చుకోవాలి.