మేఘాలను చదివిన చిత్రకారుడు

చిత్రలేఖనం ఊహకు, విజ్ఞానశాస్త్రం పరిశీలనకు సంబంధించినవని సాధారణంగా భావిస్తారు. ఇంగ్లండుకు చెందిన ప్రకృతి చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ (1776–1837) ఈ భేదాన్ని అంగీకరించలేదు. 1836లో ఆయన లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో, అనగా ఫారడే వంటి శాస్త్రజ్ఞులు ప్రసంగించిన వేదిక మీద, ప్రకృతి చిత్రకళను గురించి ఉపన్యసించాడు. చిత్రకళ కూడా ఒక శాస్త్రమేననీ, ప్రకృతి నియమాలను అన్వేషించటం దాని పని అనీ, చిత్రాలు ఆ అన్వేషణలో జరిపే ప్రయోగాలనీ ఆయన వాదం. ఈ వాదం ఎంతవరకు నిలుస్తుంది?

ముందు ఆయన ఆచరణను చూడాలి. కాన్‌స్టబుల్ తండ్రికి పిండిమరలు ఉండేవి. యౌవనంలో ఆయన కొంతకాలం గాలిమరలో పనిచేశాడు. గాలిమర నడిపేవారు ఆకాశాన్ని చూచి గాలి రాకను పసిగట్టాలి. ఆ అలవాటు ఆయన కుంచెకు ఉపకరించింది. 1821, 1822 సంవత్సరాలలో లండను సమీపంలోని హాంప్‌స్టెడ్‌లో ఆరుబయట మేఘాలను తైలవర్ణాలతో కాగితంపై చిత్రించాడు. సుమారు 50 ఆకాశ చిత్రాలు వేసినట్లు 1822 అక్టోబరులో ఒక మిత్రునికి వ్రాశాడు. వాటిలో అనేకం వెనుక తేదీ, వేళ, గాలి వీచే దిక్కు వ్రాసి ఉంచాడు. ల్యూక్ హోవార్డ్ 1802లో మేఘాలకు సిర్రస్, క్యుములస్, స్ట్రేటస్ అనే పేర్లు పెట్టాడు. ఆ వర్గీకరణను వివరించిన టామస్ ఫార్‌స్టర్ గ్రంథాన్ని కాన్‌స్టబుల్ చదివి, పుటల అంచులలో తన అభిప్రాయాలు వ్రాసుకొన్నాడు.

తేదీ, వేళ తెలిస్తే ఆనాడు సూర్యుడు ఏ దిక్కున, ఎంత ఎత్తున ఉన్నాడో లెక్కించవచ్చు. చిత్రంలోని వెలుగు ఆ లెక్కకు సరిపోయిందా అని ఇతరులు పరీక్షించవచ్చు. ఈ విధంగా ఆ కాగితాలు నిజంగానే ప్రయోగపు నమోదులు.

అయితే 1831లో ప్రదర్శించిన సాలిస్‌బరీ చర్చి చిత్రం విషయం వేరు. అందులో ఒక పెద్ద ఇంద్రధనుస్సు ఉన్నది. దాని కొన మిత్రుడు ఫిషర్ నివసించిన ఇంటిపైకి దిగుతుంది. ఇంద్రధనుస్సును చూచేవానికి సూర్యుడు వీపు వెనుక ఉండాలి. సూర్యునికి సరిగా ఎదురుగా ఉన్న బిందువు చుట్టూ, సుమారు 42 డిగ్రీల కోణంలో విల్లు ఏర్పడుతుంది. ఈ చిత్రంలోని వెలుగుకు, విల్లు స్థానానికి పొత్తు కుదరదని వాతావరణ శాస్త్ర దృష్టితో పరిశీలించినవారు తేల్చారు. స్నేహభావం పరిశీలనను మించిపోయింది.

దీనివల్ల ఆ చిత్రం అందానికి లోపం రాదు. వాదానికి మాత్రం హద్దు ఏర్పడుతుంది. ప్రయోగం అనేది ప్రయోగకర్త అభిప్రాయాన్ని కాదనగలిగి ఉండాలి. హాంప్‌స్టెడ్ ఆకాశం కాన్‌స్టబుల్‌ను దిద్దగలిగింది. చిత్రశాలలో కూర్చిన ఇంద్రధనుస్సు ఆయన కోరినట్లే వంగింది.

ప్రకృతిని చూడటం, తెలియని లిపిని చదవటం వలెనే, సాధనతో రావలసిన విద్య అని కూడా కాన్‌స్టబుల్ అభిప్రాయం. ఇది ఉపాధ్యాయులు ప్రత్యేకించి గమనింపదగినది. సూక్ష్మదర్శిని క్రింద ఉల్లిపొరను ఉంచి, పాఠ్యపుస్తకంలోని బొమ్మను నోటుబుక్కులోకి ఎక్కించే విద్యార్థి చక్కగా గీయవచ్చు. కాని ఉల్లిపొరను చూడలేదు. గీతలు వంకరగా ఉన్నా, తనకు కనిపించిన కణాలనే గీసి, క్రింద తేదీ వేసిన విద్యార్థి కాన్‌స్టబుల్ మేఘచిత్రాల మార్గంలో నడుస్తున్నాడు.